వర్తూరు పిల్లల ఆరోగ్య శిబిరం: జమా ఖర్చుల వివరణ

బెంగళూరు వర్తూరు షెడ్లలో ఉంటున్న మన పాలమూరు, అనంతపురం కూలీల పిల్లల కోసం పెట్టిన శిబిరం లెక్క ఇది. ఆలస్యమైంది, మన్నించండి. షామియానా బిల్లు మొన్ననే చేతికొచ్చింది.

జమ: 46 ఫ్లాట్ల చందాలు 62,500, ఉగాది హుండీ 8,350. మొత్తం 70,850 రూపాయలు.

ఖర్చు: షామియానా, కుర్చీలు 9,200. టిఫిన్లు, మజ్జిగ 11,460 (కాస్త ఎక్కువే, ఒప్పుకుంటున్నాం). పిల్లల బరువు, పొడవు కొలిచే సామాను 6,850. శిబిరం అయ్యాక అంగన్‌వాడీకి ఇచ్చేశాం. ఓఆర్‌ఎస్ (విరేచనాలైతే నీళ్లలో కలిపి తాగించే పొడి) 500 ప్యాకెట్లు 10,000, జింక్ మాత్రలు 1,350, తెలుగు కరపత్రాలు 4,200, ఆటోలు 23 ట్రిప్పులు 6,900. మొత్తం 49,960. మిగులు 20,890 కమిటీ ఖాతాలో ఉంది. రెండు ఆటో ట్రిప్పులకు, అంటే 600 రూపాయలకు, చీటీలు లేవు. అడిగి తీసుకోకపోవడం మా తప్పే.

వచ్చిన ఇద్దరు డాక్టర్లూ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సభ్యులు. ఫీజు సంగతి ఎత్తితే నవ్వి ఊరుకున్నారు. 'ఆ సంస్థకు ఎంత కట్టారు?' అని ఒకరు అడిగారు. ఏమీ కట్టలేదు. అది ఆస్పత్రీ కాదు, ప్రభుత్వ ఆఫీసూ కాదు. 1963లో ఏర్పడిన పిల్లల డాక్టర్ల సంఘం. డాక్టరుకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది మెడికల్ కౌన్సిల్. ఈ సంఘం వాళ్లు డాక్టర్లకు ట్రైనింగ్ ఇస్తారు, పత్రిక నడుపుతారు, ఏ వయసులో ఏ టీకా వేయాలో పట్టిక తయారుచేస్తారు.

పేచీ ఆ పట్టిక దగ్గరే వచ్చింది. 'టీకాల కోసమని ఇచ్చాం, టీకాలేవి?' అన్నారు కొందరు. బీసీజీ (క్షయకు), పోలియో, పెంటావాలెంట్ (ఒకే సూదిలో ఐదు జబ్బులకు), రోటా (విరేచనాలకు), ఎంఆర్ (తట్టు, రుబెల్లాకు) టీకాలు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. వాటిని కొనడం దండగ. అందుకే టీకా బాకీ ఉన్న పిల్లల్ని ఆటోల్లో అక్కడికే పంపాం. సంఘం పట్టికలో టైఫాయిడ్, హెపటైటిస్ ఏ, ఆటలమ్మ టీకాలు కూడా ఉన్నాయి. అవి బయట కొనాలి, మన డబ్బు అందరికీ చాలదు. కొందరికి వేసి కొందరిని వెనక్కి పంపడం మాకు మనసొప్పలేదు.

ఓఆర్‌ఎస్ దగ్గర మాత్రం డబ్బు దక్కిందనిపించింది. ఒక తల్లి ప్యాకెట్టులో సగం పొడి టీ గ్లాసు నీళ్లలో పోసి కలుపుతోంది. డాక్టరమ్మ ఆపి, లీటరు సీసా తెప్పించి, మొత్తం ప్యాకెట్టు అందులో వేసి ఊపి చూపించారు. 'ఇంత నీళ్లా?' అని ఆమె ఆశ్చర్యపోయింది. పొడి చిక్కగా కలిపితే విరేచనాలు ఇంకా పెరగొచ్చట. ఆ తర్వాత సీసా లేకుండా ప్యాకెట్టు ఎవరికీ ఇవ్వలేదు. ఖాళీ సీసాలు మన ఫ్లాట్ల నుంచే వచ్చాయి, అందుకే ఖర్చులో కనిపించవు.

మిగులు ఏం చేయాలో వచ్చే మీటింగులో తేలుద్దాం. బిల్లుల ఫైలు కోశాధికారి దగ్గరుంది, ఆదివారం పొద్దున ఎవరైనా చూడొచ్చు.