రంగూన్ పెట్టె, తెల్ల సంచి

పిట్స్‌బర్గ్
18 నవంబర్ 2023

నాయనమ్మకు,

నీ కళ్లకు శ్రమ లేకుండా అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. అయినా కష్టమైతే నాన్న చేత చదివించుకో. ఫోనులో అయితే నా తిండి గురించి, ఇక్కడి చలి గురించి నువ్వు అడగడంతోనే పొద్దు గడిచిపోతుంది. ఇది నింపాదిగా చెప్పవలసిన సంగతి.

శరణార్థులుగా వచ్చేవాళ్లకు ఇళ్లు అమర్చే పనికి వెళ్తున్నానని చెప్పాను కదా. అక్కడ మాకు పెద్ద ఒక భూటాన్ ఆవిడ. ఇంట్లో మాట్లాడేది నేపాలీ. అందరం ‘దిదీ’ అంటాం, అంటే అక్క. పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడిలో, ప్రసాదం వరుసలో పరిచయమయ్యారు. 1976 నాటి ఆ గుడికి మన తెలుగువాళ్లతో పాటు భూటాన్ నుంచి వచ్చిన కుటుంబాలూ వస్తుంటాయి.

దిదీ వాళ్లది దక్షిణ భూటాన్. తరతరాలుగా అక్కడ సేద్యం చేసుకున్న నేపాలీ కుటుంబాలు. 1985లో పౌరసత్వ చట్టం మారింది, 1988లో జనాభా లెక్కలు తీశారు, దాంతో ఎంతోమంది సొంత ఊళ్లోనే పరాయివాళ్లయ్యారు. ఆ తర్వాతి కొన్నేళ్లలో లక్ష మందికి పైగా నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాలకు చేరి వెదురు గుడిసెల్లో తలదాచుకున్నారు. బెల్దంగి శిబిరంలో అడుగుపెట్టేనాటికి దిదీకి ఎనిమిదేళ్లు, అక్కడి నుంచి బయటపడేసరికి ఇరవై ఆరు. అలా శిబిరాల్లో తలదాచుకున్నవాళ్లలో 90 వేల మందికి పైగా అమెరికాకే వచ్చారు. దిదీ 2009లో వచ్చి హోటల్లో దుప్పట్లు మార్చారు, ఆసుపత్రుల్లో తనవాళ్లకు దుబాసీగా నిలబడ్డారు. ఇప్పుడు కొత్తగా దిగే కుటుంబాల బాధ్యత అంతా ఆమెదే.

ఆమె మొదటి రాత్రి సంగతి ఒకసారి చెప్పారు. వాళ్లను ఒక ఇంట్లో దించి, తాళంచెవి చేతిలో పెట్టి వెళ్లిపోయారట. అలమర నిండా రేకు డబ్బాల్లో తిండి ఉంది. ఆ డబ్బాలు తెరవడం ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్లమ్మ చెంచాతో మూత పొడిచి పొడిచి, చివరికి పిల్లలకు పంచదార నీళ్లు కలిపి ఇచ్చి పడుకోబెట్టిందట.

వచ్చిన పూట వాళ్ల దేశపు తిండి వండి సిద్ధంగా ఉంచాలని ఇక్కడ నియమమే ఉంది. కాగితంలో గడి నింపడానికైతే ఏదో ఒక కూర చాలు. దిదీకి చాలదు. మొన్న కాంగో కుటుంబం వస్తుంటే, ముందే వచ్చి స్థిరపడిన ఒక కాంగో ఆవిడకు ఫోను చేసి, ఏం వండాలో, ఉప్పు ఎంత వేయాలో కూడా అడిగారు. కర్రపెండలం పిండితో మన సంకటిలాంటి ముద్ద, చిక్కుడు గింజలు, దంచిన కర్రపెండలం ఆకు కూర. ఆ ఆకును కూడా వండుకుంటారని నాకు అప్పుడే తెలిసింది. గిన్నెలు పొయ్యి మీదే మూతలు పెట్టి ఉంచాలన్నారు. వచ్చినవాళ్లకు వెతుక్కునే పని ఉండకూడదట.

ఇక్కడి ఇళ్లలో పైకప్పుకు ఒక గంట ఉంటుంది, పొగ తగిలితే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. దిదీ దాన్ని పట్టపగలే, అందరూ చుట్టూ నిలబడి ఉండగా, కావాలని మోగిస్తారు. పిల్లలు చెవులు మూసుకుని నవ్వుతారు. అర్ధరాత్రి అది మొదటిసారి మోగితే పిల్లలను చంకనేసుకుని మంచులోకి పరుగెత్తే తల్లులను ఆమె చూశారు. పుస్తకాలు చదివి ఈ పనికి వచ్చిన మాకు ఎవరికీ ఆ ఆలోచన తట్టలేదు.

అసలు చెప్పాలనుకున్నది గురువారం జరిగింది. విమానాశ్రయానికి నన్నూ తీసుకెళ్లారు. ఏడుగురు కుటుంబం, టాంజానియాలోని న్యారుగుసు శిబిరం నుంచి వచ్చారు. తండ్రి చేతిలో తెల్లటి ప్లాస్టిక్ సంచి, మీద నీలి రంగులో ‘ఐ.ఓ.ఎం.’ అన్న అక్షరాలు, అంటే అంతర్జాతీయ వలసల సంస్థ. శరణార్థులందరికీ ప్రయాణంలో ఇచ్చే సంచి అది. వైద్య పరీక్షల కాగితాలు, ఎక్స్‌రేలు, దేశంలోకి రానిచ్చే పత్రాలు అన్నీ అందులోనే. అతను అలసిపోయి ఉన్నాడని నేను చొరవగా సంచి అందుకోబోయాను. అతని వేళ్లు బిగుసుకున్నాయి. దిదీ నా మోచేయి పట్టుకుని వెనక్కి లాగి, “అది మాత్రం ఆయననే పట్టుకోనివ్వు. పిల్లను ఎత్తుకో” అన్నారు. ఆయన వైపు తిరిగి స్వాహిలీలో “కరిబు” అన్నారు, రండి అని. నేను పిల్లను ఎత్తుకున్నాను. ఇల్లు చేరేదాకా నా భుజం మీదే నిద్రపోయింది. ఆయన మాత్రం సంచిని ఒళ్లో నుంచి దించలేదు.

నాయనమ్మా, అప్పుడు నీ రేకు పెట్టె గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేను దాని మీదికెక్కి కూర్చుంటే నన్ను కొట్టబోయావు. తుప్పు పట్టిన పెట్టెకు అంత కోపమేమిటి అని నేను రోజంతా ఏడ్చాను. రంగూన్‌లో మనవాళ్లను కోరంగీలు అనేవారని, 1964లో కొట్లన్నీ బర్మా సర్కారు తీసేసుకుందని, మరుసటి ఏడు మీరు ఓడలో విశాఖపట్నం వచ్చారని చెప్పావు. పెట్టెలో ఏముండేదో నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆనాటి కోపం ఇప్పుడు అర్థమైంది. నన్ను క్షమించు.

ఆదివారం ఫోను చేస్తాను. ఈసారి నా తిండి గురించి అడగకు. ఓడ దిగిన రోజు రేవులో మీకు ఎదురొచ్చింది ఎవరు? ఆ పెట్టెను ఎవరైనా అందుకోబోయారా? ఆ పూట మీరు ఏం తిన్నారు? అది చెప్పు.

నీ మనవరాలు