అమ్మ పెయింటింగ్‌కి రంగులు చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్

అమ్మ ఐదేళ్లప్పటి బ్లాక్ అండ్ వైట్ ఫొటో పెట్టి, దీన్ని రంగుల్లో పెయింటింగ్ వేయిస్తున్నాం, ఇందులో బొమ్మల రంగులు ఎవరైనా చెప్పగలరా అని ఆ మధ్య అడిగాను కదా, ఆ పెయింటింగ్ పూర్తయింది, నిన్న అమ్మ చేతికిచ్చాం.

అది 1967 సంక్రాంతి బొమ్మల కొలువు ఫొటో. అమ్మ ముందు కొండపల్లి అంబారీ ఏనుగు, తాటిచెట్టు ఎక్కుతున్న కల్లుగీత మనిషి, ఒళ్లో ఏటికొప్పాక లక్కపిడతలు, ఫొటోలో మాత్రం అన్నీ బూడిద రంగే. పోనీ అమ్మనే అడుగుదామంటే సర్‌ప్రైజ్ పోతుంది. తోచిన రంగు వేసేయిద్దాం, ఎవరికి తెలుస్తుందిలే అన్నాడు తమ్ముడు. అమ్మకి తెలుస్తుంది బాబూ! ఆ బొమ్మలు ఎప్పుడో పోయాయి గానీ వాటి కబుర్లు ఇంకా అయిపోలేదు.

మీరేమో అటకల మీది పెట్టెలు దింపి మరీ ఫొటోలు పంపారు. ఒకావిడైతే పెచ్చులూడిన ఏనుగుని ఎంత దగ్గరగా తీశారంటే, రంగు కింద సున్నం పూతా, చెవి అతికిన చోట చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కూ కూడా కనిపించాయి. కొండపల్లిలో బొమ్మలు చేసే ఒక పెద్దాయన పని మధ్యలో ఫోనెత్తి, అంబారీకి అప్పట్లో ఏ రంగులు వేసేవారో ఓపిగ్గా చెప్పారు. ఆయనకి ప్రత్యేకంగా దండాలు.

ఇక బొమ్మ వేసిన ఆర్టిస్టుగారు. తిరిగే అంకుడు కర్రకి లక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది, అందుకే పిడతలు అద్దంలా మెరుస్తాయి, పొణికి కర్ర ఏనుగుకి ఆ మెరుపు ఉండకూడదు అని పట్టుబట్టి, చిన్న పిడత మీద వెలుగు చుక్క పెట్టడానికే ఒక పూటంతా కూర్చున్నారు. డబ్బు దగ్గర బేరమాడినందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

అమ్మ ఏం చేసిందంటారా? తన మొహం వైపు చూడనేలేదు. ఏనుగు చూసింది, పిడతలు చూసింది, "చెట్టెక్కేవాడి నడుముకి కత్తి ఏదే?" అంది. ఫొటోలో అక్కడ అమ్మ చెయ్యి నీడ పడింది, మాకెవరికీ కనిపించలేదు. ఆయిల్ పెయింటింగ్ కాబట్టి వార్నిష్ ఎలాగూ కొన్ని నెలలాగాకే వేస్తారట, ఈలోపు కత్తి పెట్టించొచ్చు. కాబట్టి సిగ్గు లేకుండా మళ్లీ అడుగుతున్నా, ఎవరింట్లోనైనా పాత గీతమనిషి బొమ్మ ఉంటే నడుము కనిపించేలా ఒక్క ఫొటో తీసి పెట్టండి ప్లీజ్.