భరణానికి బీమా పూచీ: కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ మంత్రి గారికి,

హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం ఇప్పించేటప్పుడు, అవసరమైతే ఇచ్చేవారి స్థిరాస్తిని దానికి పూచీగా పెట్టించే అధికారం కోర్టుకు ఉంది. 1955లో రాసిన మాట అది. ఇల్లో పొలమో ఉన్నవాళ్ల విషయంలో ఇప్పటికీ పనికొస్తుంది. జీతం తప్ప సెంటు భూమి లేని మనిషి సంగతేంటి? అతను రేపు ప్రమాదంలో పోతే జీతం ఆగుతుంది, విడాకులైన భార్య ఖాతాలో నెలనెలా పడే భరణమూ ఆగుతుంది. పాత బకాయిల కోసం వారసుల మీద కోర్టుకెక్కినా, రాబట్టుకోవడానికి ఆస్తి ఏదీ?

అలాంటి చోట పూచీగా నిలిచేది టర్మ్ పాలసీ, అంటే నిర్ణీత కాలంలో పాలసీదారు చనిపోతే సొమ్ము ఇచ్చే జీవిత బీమా. 25వ సెక్షన్‌లో స్థిరాస్తి పక్కన జీవిత బీమానూ చేర్చమని నా విన్నపం.

నామినీగా ఆమె పేరు రాయిస్తే సరిపోదా అని మీ అధికారులు అనవచ్చు. సరిపోదు. పాలసీదారు నామినీని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మళ్లీ పెళ్లయితే మార్చడా మరి! పైగా 2015 బీమా చట్ట సవరణ నామినీకే సొమ్ము మీద హక్కు ఇచ్చింది తల్లిదండ్రులో, జీవిత భాగస్వామో, పిల్లలో నామినీగా ఉన్నప్పుడే. విడాకులైన భార్య ఆ వరసలో లేదు. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల కోసం తీసుకున్న పాలసీ ట్రస్టు అవుతుంది, అంటే ఆ సొమ్ము వాళ్ల కోసమే ఉంటుంది, భర్త అప్పులవాళ్లు కూడా దాన్ని ముట్టుకోలేరు. విడాకుల తీర్పు కింద తీసుకునే పాలసీకీ అదే రక్షణ ఇవ్వండి.

అసలు టెన్షన్ ప్రీమియం దగ్గర. అతను కట్టడం మానేస్తే పాలసీ ల్యాప్స్ అవుతుంది (చెల్లకుండా పోతుంది), ఆ కబురు ఆమెకు చేరదు. కాబట్టి కట్టని ప్రీమియం గురించి బీమా కంపెనీ ఆమెకూ తెలపాలి. గడువులోగా ఆమే కట్టి, ఆ మొత్తాన్ని భరణం బకాయిగా వసూలు చేసుకునే వీలుండాలి. అతను పనిచేసే సంస్థ ఉద్యోగులందరికీ కలిపి ఇచ్చే గ్రూప్ ఇన్సూరెన్స్‌ను ఇందులో లెక్కించకూడదు, ఉద్యోగంతోపాటే అదీ పోతుంది. వైద్య పరీక్షలు, పాలసీ జారీ తీర్పుకు ముందే పూర్తవ్వాలి. తర్వాత షుగరో గుండెజబ్బో బయటపడితే బీమా దొరకడమే కష్టం.

ఇచ్చేవారికి ఇది మోయలేని భారం కానక్కర్లేదు. ఇంకా ఇవ్వాల్సిన భరణం మేరకే కవరేజీ ఉంటే చాలు, ఏళ్లు గడిచేకొద్దీ అది తగ్గేలా పెట్టవచ్చు. ఆదాయం, ఆస్తుల అఫిడవిట్‌ను 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు తప్పనిసరి చేసింది కనుక లెక్క ఎలాగూ జడ్జి ముందే ఉంటుంది. భరణం ఇచ్చేది భార్య అయినా ఇదే షరతు వర్తించాలి. ఒకేసారి మొత్తం చెల్లించేసేవాళ్లకు మాత్రం దీని అవసరం లేదు.

ఇట్లు,
ఒక పౌరురాలు