ప్రేమ నవలలకూ సమీక్ష కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పుస్తకాల పేజీలో కవిత్వం, చరిత్ర, ఆత్మకథలు, అనువాదాలు అన్నిటికీ చోటుంది. ప్రేమ నవలకు లేదు. ఈమధ్య మన విశాఖలో జరిగిన ఒక సభలో వక్త ఒకరు ప్రేమ నవలలన్నిటినీ కాలక్షేపం సరుకు అని తీసిపారేశారు. సభ అయ్యాక అదే ఆవరణలో, ఆ నవలలంత గొప్పవి మళ్లీ రావంటూ కళ్లు చెమర్చిన వారినీ చూశాను. ఇద్దరి మాటల్లోనూ ఒక్క నవల గురించి కూడా నిర్దిష్టమైన అభిప్రాయం వినపడలేదు. నా అభ్యంతరం అక్కడే.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’నే తీసుకోండి. చదువుకున్న మధ్యతరగతి ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్లడమే ఇంట్లో చర్చగా ఉన్న 1960లలో ఈ సీరియల్ నవల నాయిక జయంతి ఆఫీసు మెట్లెక్కింది. సంపన్నుడైన రాజశేఖరం ముందు తన ఆత్మాభిమానాన్ని తగ్గించుకోలేదు. ఆ సంభాషణల పదును, వచ్చే సంచిక దాకా పాఠకురాలిని నిలబెట్టగల నేర్పు చిన్న విద్యలు కావు. బడి చదువు మధ్యలో ఆగిపోయిన ఎందరో స్త్రీలకు పుస్తకం అలవాటు చేసింది సీరియళ్లు, అద్దెకిచ్చే నవలల దుకాణాలే. అయితే రాజశేఖరం ఆస్తి, హోదా కూడా అతని ఆకర్షణలో భాగమేనన్నది కాదనలేం. ఆ తరవాత వచ్చిన అనుకరణలలో ఆత్మాభిమానం పలచబడి, మేడ, కారు, పొడవాటి కథానాయకుడు మాత్రం మిగిలారు. మూలంలోని బలమేదో, అనుకరణలోని లోపమేదో విడదీసి చెప్పవలసింది సమీక్షకులే కదా!

పెళ్లితో కథ ముగించడం ఈ నవలల బలహీనత అంటారు. నాకు అలా అనిపించదు. ముగింపు ముందే తెలిసిన కథను ఆసక్తిగా నడపడం కష్టమైన పని. నన్ను బాధించేవి వేరే ఉన్నాయి. బలవంతంగా చెయ్యి పట్టుకోవడం, అనుమానించడం, చెంపదెబ్బ కొట్టడం, ఇవన్నీ ప్రేమ తీవ్రతగా చెలామణి అవుతాయి. ఆధునికంగా అలంకరించుకున్న మరో అమ్మాయి కనిపించిందంటే ఆమే దుష్టపాత్ర. కులం ప్రస్తావనే రాదు, అందరూ ఒకే కులంలో పుట్టినట్టు. రంగనాయకమ్మ ‘బలిపీఠం’ కులాంతర వివాహం తరవాతి కాపురంలోకి వెళ్లి, ఆదర్శంతో చేసుకున్న పెళ్లిలోనూ కులం ఎలా విషమవుతుందో చూపించింది. విశాఖలో చాలాకాలం నివసించిన రచయిత్రి ద్వివేదుల విశాలాక్షి కుటుంబ బంధాలను ఎంతో శ్రద్ధగా పరిశీలించారు. ‘ఆడవాళ్ల నవలలు’ అని ఒకే కట్ట కట్టేస్తే ఈ తేడాలన్నీ మాయమవుతాయి.

ఇది పాతకాలం ముచ్చట కాదు. గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వచ్చే బస్సులో చూడండి, ఉద్యోగాలకు వెళ్లే అమ్మాయిలు ఫోన్లలో రోజుకో భాగం చొప్పున ప్రేమ నవలలు చదువుతుంటారు. వాటిలో బలవంతపు పెళ్లితో మొదలై, ఆ బలవంతం చేసినవాడి మీదే ప్రేమ పుట్టించేవి చాలా ఉన్నాయి. చక్కగా రాస్తున్న కొత్త రచయిత్రులూ ఉన్నారు. ఏది ఏదో చెప్పే మనిషి లేడు.

సమీక్షకులు అడగవలసిన ప్రశ్నలు బోలెడు. నాయకుడు పేదవాడై ఉంటే అతని ప్రవర్తన ఇంకా ప్రేమలాగే కనిపిస్తుందా? అతను కాక నాయిక కోరుకుంటున్నది ఏమైనా ఉందా? ఒకప్పుడు ఉత్తరం వేరొకరి చేతిలో పడి అపార్థం పెరిగేది. ఇప్పుడు చేతిలో ఫోను ఉన్న ఇద్దరు నలభై భాగాల పాటు మాట్లాడుకోకపోతే, దానికి వాళ్ల స్వభావాల్లో కారణం ఉందా, లేక కథ సాగదీయడానికేనా? 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రిజుడీస్’లో ధనికుడైన డార్సీని ఎలిజబెత్ మొదట తిరస్కరిస్తుంది. ఆ మాటలు తగిలాకే అతను తనను తాను సరిదిద్దుకుంటాడు. మన నవలల్లో అహంకారి అయిన నాయకుడు నిజంగా మారుతున్నాడా, నాయికే సర్దుకుపోతోందా అన్నది చూడాలి.

గ్రంథాలయాలకూ ఒక మాట. నగరంలోని ఒక శాఖా గ్రంథాలయంలో ఈ నవలలు అడిగితే, పోటీ పరీక్షల పుస్తకాలే కొంటున్నామన్నారు. ఆ పుస్తకాలు అవసరమే. కానీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కడుతున్న ఇళ్లలో నవలలు చదివే గృహిణులు కూడా ఉన్నారు. ఏం కొనాలో వాళ్లను కూడా అడగాలి.

మీరు నెలకు రెండు ప్రేమ నవలలనైనా సమీక్షకు తీసుకోండి, ఒకటి పాతది, ఒకటి కొత్తది. మొహమాటం లేకుండా రాయించండి. నచ్చకపోతే ఏ సన్నివేశం ఎందుకు నచ్చలేదో చెప్పించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మహారాణిపేట, విశాఖపట్నం