నేర్పించే సమయానికి కూడా ఒక కోడ్ కావాలి

సంపాదకులకు,

ఏడాదికి రెండు రోజులు కార్మికులను హాల్లో కూర్చోబెట్టి, మధ్యాహ్నం భోజనం పెట్టి, సాయంత్రం ఫీడ్‌బ్యాక్ కాగితం నింపించుకుంటే శిక్షణ అయిపోయినట్టేనని ఇక్కడి కంపెనీల్లో చాలామంది హెచ్ఆర్ వాళ్ల లెక్క. ఆ కాగితంలో ఐదుకు నాలుగున్నర వచ్చిందంటే క్లాసు విసుగు పుట్టించలేదని మాత్రమే అర్థం. శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడాలని అమెరికన్ శిక్షణ నిపుణుడు డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లోనే రాశాడు: నచ్చిందా, వచ్చిందా, పనిలో వాడుతున్నాడా, దానివల్ల సంస్థకు ఒరిగిందేమిటి? మనవాళ్లు మొదటి మెట్టు మీదే చతికిలబడ్డారు.

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ షెడ్లలో అసలు చిక్కు మూడో మెట్టు దగ్గర. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఐటీఐ ముగించుకుని వచ్చిన కుర్రాడు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేత్ ఆఫ్‌సెట్ లెక్కను, అంటే టూలు ఎంత జరగాలో చెప్పే సవరణ అంకెను, క్లాసులో బోర్డు మీద తప్పు లేకుండా చేస్తాడు. మెషిన్ దగ్గరికొచ్చాక జాబు (చెక్కుతున్న ముక్క) బయటి వ్యాసం 0.03 మి.మీ. ఎక్కువ వచ్చిందనుకోండి. ఆ టూలు వేర్ ఆఫ్‌సెట్‌లో (అరుగుదలకు వేసే సవరణలో) అప్పటికే −0.120 ఉంది. దాన్ని −0.150 చేయాలి. చాలా కంట్రోళ్లలో దీనికి రెండు కీలుంటాయి. 'ప్లస్ ఇన్‌పుట్' నొక్కితే మనం కొట్టిన −0.03 పాత అంకెకు కలుస్తుంది. ఉత్త 'ఇన్‌పుట్' నొక్కితే పాతది చెరిగిపోయి −0.030 మిగులుతుంది. తర్వాతి జాబు 0.12 ఎక్కువ! తగ్గిద్దామని చేసిన పని పెంచి కూర్చుంది. లెక్క తప్పు కాదు, కీ తప్పు. క్లాసు బోర్డు మీద ఆ కీ లేదు.

మెషిన్లు సిద్ధం చేసే సీనియర్, అంటే సెట్టర్, వచ్చి సరిచేసి, "ఇంకెప్పుడూ దీన్ని ముట్టుకోకు, నన్ను పిలువు" అంటాడు. రెండు రోజుల క్లాసు ఆ ఒక్క మాటతో గంగలో కలిసింది. అప్పటినుంచి ప్రతి చిన్న సవరణకూ కుర్రాడు సెట్టర్ కోసం చూస్తాడు, మెషిన్ ఊరికే నిలబడుతుంది.

సెట్టర్‌ని తిట్టి లాభం లేదు. అతని ఇన్‌సెంటివ్ తన కింది మెషిన్ల నుంచి వచ్చే పీసుల మీద. మెషిన్ ఎందుకు ఆగిందో రాసే ప్రొడక్షన్ షీటులో కరెంటు పోతే ఒక కోడ్, మెటీరియల్ రాకపోతే ఒకటి, టూలు మార్పుకు ఒకటి, బ్రేక్‌డౌన్‌కు ఒకటి ఉంటాయి. నేర్పించడానికి కోడ్ ఉండదు. పాపం, అతను ఇరవై నిమిషాలు ఆగి నేర్పిస్తే ఆ ఇరవై నిమిషాలూ అతని నష్టం. నేర్చుకున్నది పనిలోకి దిగడానికి నేర్చుకునే మనిషి, శిక్షణ తీరు, పనిచోటు మూడూ కారణాలని బాల్డ్‌విన్, ఫోర్డ్ అనే పరిశోధకులు 1988లో చెప్పారు. మన ఖర్చంతా మొదటి రెంటి మీదే.

నేర్పించే పద్ధతి కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల కోసం తయారై, తర్వాత టొయోటా అందిపుచ్చుకున్న నాలుగడుగుల పద్ధతి ఉంది. ముందు కుర్రాడికి ఎంత తెలుసో అడిగి, బెరుకు పోగొట్టాలి. తర్వాత సెట్టర్ తానే చేస్తూ ఒక్కో అడుగూ చూపాలి; రెండోసారి కీలకమైన చోట్లు, మూడోసారి వాటి కారణాలు. ఆపైన కుర్రాడు చేయాలి, చేస్తూ ఆ కారణాలు తన నోటితో చెప్పాలి. చివరిది, వదిలేశాక మళ్లీ మళ్లీ వెళ్లి చూడటం. మొదట తరచుగా, తర్వాత తగ్గిస్తూ. మన దగ్గర ఎగిరిపోయేది ఎప్పుడూ ఈ చివరిదే.

కారణం చెప్పకపోతే ఏమవుతుందో మైక్రోమీటర్ దగ్గర తెలుస్తుంది. 30 మి.మీ. స్టీలు జాబు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) పెరుగుతుంది. మొత్తం టాలరెన్సే (సైజులో ఒప్పుకునే తేడా) 20 మైక్రాన్లయితే అందులో మూడో వంతు వేడికే పోయింది. జాబును పట్టుకునే చక్ నుంచి తీసిన వెంటనే కొలిచి ఆఫ్‌సెట్ తగ్గిస్తే, జాబు చల్లారాక సైజు కిందికి పోతుంది. "చల్లారాక కొలువు" అని మాత్రమే చెబితే తొందరలో మరిచిపోతాడు. ఎందుకో తెలిసినవాడు జాబును కూలెంట్ కింద ఓ నిమిషం ఉంచుతాడు.

భాష సంగతీ ఉంది. డ్రాయింగు ఇంగ్లీషులో, సెట్టర్ మాట కన్నడంలోనో తమిళంలోనో, కుర్రాడిది తెలుగు. అందుకని సూచనల కాగితం తెలుగులో వేస్తే సరిపోతుందనుకోవద్దు. ఇక్కడే పుట్టి కన్నడ మీడియంలో చదివిన తెలుగువాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవమంటే కన్నడ లిపే కావాలంటారు. రెండు కీల ఫొటో, తప్పుదాని మీద ఎర్ర గీత: ఇది అందరికీ అర్థమవుతుంది.

ఇక ఎవరికి ఏ పని ఎంత వచ్చో చూపే గోడమీది పట్టిక, స్కిల్ మ్యాట్రిక్స్. గుండ్రాన్ని నాలుగు ముక్కలు చేసి, పాతిక నిండితే నేర్చుకుంటున్నాడని, సగమైతే చూసేవాళ్లుంటే చేస్తాడని, ముప్పావైతే ఒంటరిగా చేస్తాడని, పూర్తిగా నిండితే ఇంకొకరికి నేర్పగలడని గుర్తు. ఐఎస్‌ఓ 9001 నాణ్యతా ప్రమాణం 7.2 క్లాజు సామర్థ్యానికి ఆధారం అడుగుతుంది కాబట్టి ఆడిట్ ముందురోజు రాత్రి స్కెచ్ పెన్‌తో గుండ్రాలు నిండిపోతాయి. సగం నుంచి ముప్పావుకు వెళ్లిన నెలలోనే జీతం కాస్త పెరిగితే ఆ గుండ్రాన్ని అబద్ధంగా నింపే ధైర్యం ఎవరికీ ఉండదు. డబ్బు పోతుంది కదా. "నేర్పిస్తే పక్క షెడ్డుకు పోతాడు" అని భయపడే యజమానికీ మా జవాబు ఇదే. పని వచ్చాక కూడా ఏప్రిల్ ఇంక్రిమెంట్ దాకా పాత జీతమే ఇస్తే పోక ఏం చేస్తాడు?

అప్రెంటిస్‌ల విషయంలో ఒక్క మాట. 1961 నాటి చట్టం కింది నిబంధనల ప్రకారం 30 మంది, అంతకుమించి ఉన్న సంస్థలు మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. తీసుకుని చిప్స్ (లోహపు తరుగు) ఎత్తే పనికి పెడితే అది శిక్షణ కాదు.

హెచ్ఆర్ విభాగాలను మేము అడిగేది చిన్నదే. ప్రొడక్షన్ షీటులో శిక్షణకు ఒక డౌన్‌టైమ్ (మెషిన్ ఆగిన సమయం) కోడ్ చేర్చండి. కొత్త ఆపరేటర్ వచ్చిన మొదటి రెండు వారాలు రోజుకు ఇరవై నిమిషాలు ఆ కోడ్ కింద రాసుకోనివ్వండి, ఆ సమయాన్ని సెట్టర్ టార్గెట్ నుంచి తీసేయండి. రెండో నెలలో ఆ మెషిన్ దగ్గర సెట్టర్‌ని ఎన్నిసార్లు పిలిచారో లెక్కపెట్టి, పాత నెలతో పోల్చి చూడండి.

— షాపుఫ్లోర్ శిక్షకులు, పీణ్య, బెంగళూరు