రాయి సులువైనదే, నీళ్ల సంగతి ఎవరు చెప్పాలి?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో మీరు వేసిన ‘సముద్రం ఒడ్డున పిల్లలతో రాక్ క్లైంబింగ్’ వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఈపాటికి అందరూ దాన్ని మర్చిపోయి ఉంటారు. మా ఇంట్లో పిల్లలు మాత్రం ఆ పేజీని గోడకు అంటించుకున్నారు, అదే నా తలనొప్పి.

కొత్తవాళ్లకు అనువైనవంటూ బోలెడు చోట్లు చెప్పారు, రంగురంగుల ఫోటోలు వేశారు. నీళ్లు ఎప్పుడొస్తాయో మాత్రం ఒక్క ముక్క లేదు. చేతికి దొరికే పట్లు పెద్దవిగా ఉండి, రాయి కాస్త వాలుగా ఉంటే ఎక్కడం తేలికే, ఒప్పుకుంటాను. సముద్రం పక్కన అది సగం సంగతే. రాయి అడుగుకు ఎలా చేరాలి? పోటు వస్తే ఎటు నుంచి బయటపడాలి? పైన తాడు కట్టడానికి గట్టి ఆధారం ఉందా? ఇంగ్లండ్ దక్షిణ తీరంలో స్వానేజ్ దగ్గర బౌల్డర్ రకుల్ అనే రాతి గోడ ఉంది. అక్కడికి పైనుంచి తాడు పట్టుకుని దిగాలి, వెనక్కి రావాలంటే మళ్లీ ఆ గోడ ఎక్కడమే. అలాంటి చోట తేలిక దారి ఉన్నా ఏడేళ్ల పిల్లను తీసుకెళ్లి ఏం చేస్తాం?

వేల్స్‌లో గోవర్ తీరాన ఉన్న త్రీ క్లిఫ్స్ బే అలా కాదు. ఎక్కడం ఎంత కష్టమో చెప్పే గ్రేడులు చిన్నవి, అడుగున ఇసుక, పిల్లలకు చక్కటి చోటు. కానీ పోటు సమయంలో ఆ ఇసుకే ఉండదు. పక్కనున్న బ్రిస్టల్ చానెల్‌లో పోటుకూ ఆటుకూ మధ్య నీటి ఎత్తులో తేడా ప్రపంచంలోనే పెద్దవాటిలో లెక్క. గ్రీసులోని కాలిమ్నోస్ దీవికి వెళితే ఆటుపోట్ల బెంగ దాదాపు లేదు, మధ్యధరా సముద్రంలో అవి నామమాత్రమే. అక్కడ వేసవి ఎండతోనే పేచీ, నీడ ఎప్పుడు పడుతుందో చూసుకుని గోడను ఎంచుకోవాలి. మీ వ్యాసకర్తకు ఇవన్నీ ఒకటే, ‘కుటుంబంతో సరదాగా’ అని ఒకే శీర్షిక కింద కుక్కేశారు.

చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే నిన్నటి వేళకూ ఇవాళ్టి వేళకూ 50 నిమిషాల దాకా తేడా. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీరు అన్నిటికంటే ఎత్తుకు లేస్తుంది. పైగా ఒకే వేగంతో పెరగదు. ఆరు గంటల పోటులో మొదటి గంట ఏమీ కదలనట్టే ఉంటుంది, మూడో గంట, నాలుగో గంట ఈ రెండిట్లోనే దాదాపు సగం ఎత్తు ఎక్కేస్తుంది. మొదటి గంట చూసి ‘ఇంకా బోలెడు టైముంది’ అనుకున్నవాళ్లే చిక్కుకుంటారు. ఇందులో రహస్యమేమీ లేదు, చేపలు పట్టేవాళ్లను అడిగినా చెప్తారు. అడగాలి కదా!

ఇంకా ఘోరం, ‘తాడు కూడా అక్కర్లేని క్లైంబింగ్’ అని ఒక పెట్టె కట్టి వేశారు. జారితే నీళ్లలోనే పడతారట. స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో పేరు పొందిన ఆ ఆటలో నిపుణులు ముందుగా కింద లోతెంతో, మునిగిన రాళ్లున్నాయో లేదో చూసుకుంటారు. పడ్డాక ఈదుకుంటూ ఎక్కడ ఒడ్డెక్కాలో కూడా తేల్చుకుంటారు. ఎత్తు నుంచి బోర్లా పడితే నీళ్లు కూడా గట్టిగానే కొడతాయి. దాన్ని పిల్లల పేజీలో వేయడానికి చేతులెలా వచ్చాయో!

గ్రేడుల గురించి రాసిందీ అంతే. బ్రిటిష్ పద్ధతిలో ‘వెరీ డిఫికల్ట్’ అని ఉన్న దారి నిజానికి కొత్తవాళ్లదే. అది చూసి భయపడి వదిలేసేవాళ్లు కొందరు. ఫ్రెంచి పద్ధతిలో 6ఏ చూసి ‘పదిలో ఆరేగా’ అని, అది కొత్తవాళ్లకు కష్టమని తెలియక దూకేవాళ్లు ఇంకొందరు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఫ్రెంచి 3, 4 చాలు. పైనుంచి తాడు వేసి, కింద తెలిసిన పెద్దవాళ్లు పట్టుకోవాలి. చిన్నపిల్లలకు నడుం సన్నం, పడినప్పుడు మామూలు హార్నెస్‌లోంచి, అంటే తాడు కట్టే నడుం పట్టీలోంచి, తలకిందులై జారిపోవచ్చు. అందుకే ఒళ్లంతా పట్టి ఉంచే హార్నెస్ వేస్తారు. మీ ముఖచిత్రంలోని పాపకు అది లేదు, హెల్మెట్ కూడా లేదు.

తాడు తగిలించడానికి రాతిలో బిగించే బోల్టుల ఊసే ఎత్తలేదు. ఉప్పుగాలికి మామూలు స్టీలు తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు కూడా లోపల్లోపల పగుళ్లిచ్చి పైకి మెరుస్తూనే ఉండొచ్చు. థాయ్‌లాండ్‌లోని రైలే అనే తీరంలో ఆ అనుభవం తర్వాతే టైటానియం బోల్టులకు మారారు. మన పర్యాటక అధికారులకు ఇదంతా చెప్పేదెవరు? నేను వెళ్లిన ఒక తీరంలో బోల్టులు ఎవరు వేశారు, చివరిసారి ఎప్పుడు చూశారు అని అడిగితే, ‘అది మా శాఖ కిందికి రాదు’ అన్నారు. వాళ్ల కరపత్రం అట్ట మీద మాత్రం అదే రాయి, దాని మీద నవ్వుతున్న కుర్రాడు. రాయి దగ్గర ‘ప్రమాదం’ అని ఒక బోర్డు. ఏం ప్రమాదమో, ఏ వేళప్పుడో రాయలేదు, కింద వేసిన ఫోన్ నంబరు ఎండకు వెలిసిపోయింది. రేపు ఎవరికైనా కాలు విరిగితే ఒక కమిటీ వేస్తారు, ఆ కమిటీ ఇంకో బోర్డు పెట్టిస్తుంది. పక్షులు గూళ్లు కట్టే నెలల్లో కొన్ని గోడలు ఎక్కకూడదని చాలా దేశాల్లో తేదీలతో సహా ప్రకటిస్తారు. ఇక్కడ ఎక్కొచ్చో లేదో అడగడానికే మూడు ఆఫీసులు తిరగాలి.

పత్రికలూ తక్కువ తినలేదు. చంద్రుడు ఏ రాశిలో ఉంటే మాకు ఇంట్లో గొడవలవుతాయో రోజూ పావు పేజీ వేస్తారు. అదే చంద్రుడి వల్ల నీళ్లు ఎన్నింటికి పైకొస్తాయో రెండు లైన్లు వేయడానికి మాత్రం చోటుండదు.

వ్యాసం చివర ‘రెండో భాగం త్వరలో’ అన్నారు. దాంట్లోనైనా పోటు వేళలు ఎక్కడ దొరుకుతాయో, దిగే దారి, తిరిగొచ్చే దారి ఏవో, తాడు ఎక్కడ కట్టాలో రాయించండి. జాగా చాలకపోతే ఫోటోలు తగ్గించుకోండి.

ఇట్లు,
మీ పాత చందాదారు