వాగుల్లో గంబూషియా వదలకండి

సంపాదకులకు నమస్కారం.

వానలు పడగానే దోమల నివారణకని చెరువుల్లో, వాగుల్లో గంబూషియా చేపపిల్లల్ని వదులుతుంటారు. ఇది మన చేప కాదు. పుట్టిల్లు అమెరికా, 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. దోమ లార్వాల్ని తింటుంది, నిజమే. వాటితోపాటు మన చేపల గుడ్లనూ, కప్ప పిల్లల్నీ, లార్వాల్ని తినే తూనీగ పిల్లల్నీ మింగేస్తుంది. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. ఒకసారి వాగులో పడితే ఏరేయడం ఎవరి తరమూ కాదు.

అదే పనికి మన కాలువల్లోనే పాంచాక్స్ ఉంది. రెండు మూడు అంగుళాల చేప. గట్టు మీద నిలబడి చూస్తే నీటి అంచున నెత్తిమీది వెండి చుక్క తళుక్కుమంటుంది. తల చదును, నోరు పైకి తిరిగి ఉంటుంది. మలేరియా మోసే అనాఫిలిస్ లార్వా నీటి పైపొరకు అంటుకుని అడ్డంగా పడుకుంటుంది కదా, సరిగ్గా అక్కడే ఇది తిరుగుతుంది.

పెంచడం కష్టం కాదు. అడుగు లోతు సిమెంటు తొట్టిలో ఒక మగ, రెండు ఆడ చేపలు చాలు. కుళాయి నీళ్లయితే ఒకరోజు ఆరుబయట నిలవ ఉంచాకే వాడాలి. నాచు గానీ నైలాన్ దారాల కుచ్చు గానీ వేలాడదీస్తే గుడ్లు దానికి అతుక్కుంటాయి. వారానికోసారి ఆ కుచ్చును వేరే తొట్టిలోకి మార్చాలి; లేకపోతే తల్లిదండ్రులే పిల్లల్ని తినేస్తాయి. సుమారు రెండు వారాల్లో పిల్లలు బయటికొస్తాయి. తొట్టి మీద వల తప్పనిసరి, ఇవి ఎగిరి బయట పడతాయి.

చెరువులో వదిలేముందు చేపలు తెచ్చిన సంచిని పావుగంట ఆ నీటిలోనే తేలనివ్వాలి. గుర్రపుడెక్క కమ్మేసిన చోట చేప లార్వాను చేరలేదు, ముందు అంచులు శుభ్రం చేయాలి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు, చేపలు వదిలిన నీళ్లలోనే ఆయిల్ బాల్స్ (లార్వాల్ని చంపడానికి వేసే, నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు ఉండలు) వేయడం. నూనె పొర కింద లార్వాతోపాటు పైపొరలో బతికే చేపకూ ఊపిరాడదు. రెంటిలో ఒకటే ఎంచుకోవాలి.

మురుగు కాలువల్లో ఏ చేపనూ వదలొద్దు, ఆక్సిజన్ చాలక చాలా చేపలు చచ్చిపోతాయి. డెంగీ దోమ పుట్టే కూలర్లు, పాత టైర్లకు చేపతో పనిలేదు. వారానికోసారి బోర్లించి ఆరబెడితే సరిపోతుంది.

ఇప్పటికే గంబూషియా పెంచుతున్న మున్సిపాలిటీలు వాటిని పొంగిపొర్లని మూసిన ట్యాంకులకే పరిమితం చేయాలి. చెరువులకూ వాగులకూ ఆయా మండలాల్లో పట్టిన పాంచాక్స్‌నే పెంచి వదలాలని అధికారుల్ని కోరుతున్నాం.

ఇట్లు,
మంచినీటి చేపల పెంపకందారులు